బలహీనంగా వచ్చిన అంకెలను తీసివేయవచ్చా?

ప్రశ్న: నేను బెంగళూరులో శిలా యాంత్రిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది గోదావరిఖని. మా వైపు నుంచి బొగ్గు దిమ్మలు తెప్పించుకొని, వాటి బలానికీ, బూడిద, తేమ, వోలటైల్ పదార్థం (వేడి చేస్తే ఆవిరిగా పోయే భాగం) వంటి గుణాలకూ మధ్య ఉన్న సంబంధాన్ని వెతుకుతున్నాను. ఒకే దిమ్మలోంచి తీసిన ముక్కల్లోనే ఒకటి మరొకదానికి మూడింతల బలం చూపిస్తోంది. గ్రాఫు గీస్తే చుక్కలు చెల్లాచెదురుగా పడుతున్నాయి. తక్కువ వచ్చినవన్నీ పాడైన నమూనాలనీ, వాటిని తీసివేస్తే గీత చక్కగా వస్తుందనీ గైడు గారు అంటున్నారు. తీసివేయవచ్చా? గనిలో ఓవర్‌మన్‌గా (పని పర్యవేక్షించే ఉద్యోగిగా) చేసి రిటైరైన మా నాన్నగారేమో, "బాయిల కప్పును కట్టెతోటి కొట్టి ఇంటే అదే చెప్తది బిడ్డా, గా మిషన్ దేనికి?" అని నవ్వుతున్నారు (మా వైపు గనిని బాయి అంటారు). అసలు ఈ రోజుల్లో బొగ్గు మీద పరిశోధన చేయడంలో అర్థం ఉందా అన్న సందేహం కూడా పట్టుకుంది.
— ఒక పరిశోధక విద్యార్థిని, మారతహళ్లి, బెంగళూరు

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పవచ్చు. తక్కువగా వచ్చిందన్న ఒక్క కారణంతో ఏ అంకెనూ తీసివేయకండి. నమూనాను తిరస్కరించడానికి న్యాయమైన కారణాలు లేకపోలేదు. కొన మట్టంగా లేకపోవడం, యంత్రపు ప్లేటు ఒక పక్కకు ఒరిగి ఆనడం, కోత సమయంలోనే పగులు పడి ఆ సంగతి మీ నోటు పుస్తకంలో అప్పుడే నమోదై ఉండడం వంటివి. అయితే అవన్నీ అంకెను చూడకముందే తెలియవలసిన కారణాలు. ఫలితం చూశాక వెతికి పట్టుకున్న కారణాన్ని పరీక్షకులు నమ్మరు, నమ్మకూడదు కూడా. పైగా అదే నియమం ఎక్కువ వచ్చిన అంకెలకూ వర్తించాలి. కొన వంకరగా ఉన్న నమూనా గొప్ప బలం చూపించినా దానినీ పక్కన పెట్టాలి. అలా బలమైన అంకెను ఇష్టపూర్వకంగా వదులుకున్న వారిని నేను చూసింది తక్కువ.

మీరు రాయని విషయం ఒకటి ఉంది, నాకు అదే అసలు సంగతి అనిపిస్తోంది. యంత్రం దాకా రాని ముక్కల మాటేమిటి? బొగ్గులో క్లీట్లని పిలిచే సహజమైన పగుళ్లు రెండు దిశల్లో, ఒకదానికొకటి దాదాపు లంబంగా, పొరను నిలువునా కోస్తూ ఉంటాయని మీకు తెలుసు. డ్రిల్లు తగిలి, నీళ్ల ధార పడేసరికి, ఈ క్లీట్లు దగ్గర దగ్గరగా ఉన్న మెరిసే బొగ్గు ట్రేలోనే రాలిపోతుంది. మెరుపు లేని గట్టి బొగ్గు మాత్రం చెక్కుచెదరకుండా కోరుగా, అంటే డ్రిల్లు కోసి తీసిన గుండ్రటి కడ్డీగా, బయటికి వస్తుంది. అంటే మీ పట్టికలోకి ఎక్కిన ప్రతి నమూనా అప్పటికే ఒక పరీక్ష నెగ్గి వచ్చినదన్న మాట. మీ పట్టిక మొదటినుంచీ బలమైన బొగ్గు వైపు ఒరిగి ఉంది. ఇప్పుడు గైడు గారు పాడైనవంటున్న ఆ తక్కువ అంకెలు, రాలిపోయిన బొగ్గుకు మీ దగ్గర మిగిలిన ఏకైక ప్రతినిధులు కావచ్చు. వాటినీ తీసివేస్తే పట్టిక రెండోసారి అదే వైపుకు ఒరుగుతుంది. ఆ పట్టికను నమ్మి ఎవరైనా పిల్లరు (కప్పును మోయడానికి గనిలో తవ్వకుండా వదిలే బొగ్గు స్తంభం) కొలతలు నిర్ణయిస్తే ఆ తప్పు భద్రత లేని వైపుకే పోతుంది. అందుచేత థీసిస్‌లో ఒక్కొక్క దిమ్మ నుంచి ఎన్ని కోర్లకు ప్రయత్నించారు, ఎన్ని నిలిచాయి అన్న లెక్కను కూడా పట్టికగా ఇవ్వండి. నా దృష్టిలో అది అనుబంధంలో దాచవలసిన వివరం కాదు, అదీ ఒక కొలతే.

రాలిన బొగ్గును కూడా కొలవవచ్చు. ఇవాన్స్, పొమెరాయ్‌లు బొగ్గు కోసమే వాడుకలోకి తెచ్చిన దెబ్బ పరీక్ష ఒకటి ఉంది. సుమారు 3 నుంచి 9.5 మిల్లీమీటర్ల మధ్య పరిమాణం గల ముక్కలను 100 గ్రాములు తూచి, ఉక్కు గొట్టంలో వేసి, 1.8 కిలోల బరువును ఒక అడుగు ఎత్తు నుంచి 20 సార్లు పడవేసి, ఆ తర్వాత మొదటి పరిమాణంలోనే ఇంకా ఎన్ని గ్రాములు మిగిలిందో చూస్తారు. ఆ మిగిలిన గ్రాములే సూచిక. ఖరీదైన పరికరమేమీ అక్కరలేదు, ఏ వర్క్‌షాపులోనైనా చేయించుకోవచ్చు. నిలిచిన కోర్లకూ, రాలిన తుక్కుకూ ఇదే పరీక్ష చేస్తే, కోరుగా రాని బొగ్గు ఎంత బలహీనమో పోల్చి చెప్పే ఆధారం మీ చేతికి వస్తుంది. కాబట్టి ట్రేలో రాలిన ముక్కలను పారేయించకుండా, దిమ్మ నంబరు రాసిన సంచుల్లో వేసి ఉంచమని ల్యాబ్ అటెండరుకు ఈ రోజే చెప్పండి.

ఇక చెదిరిన చుక్కల సంగతి. అంకెలలో కొంత తేడా బొగ్గుది, కొంత మీ యంత్రానిది కావచ్చు. బెంగళూరు కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. మెట్రో సొరంగాల కోసమైనా, పునాదుల కోసమైనా ఇక్కడి ప్రయోగశాలలు రోజూ పగలగొట్టేది 100 మెగాపాస్కళ్లు (చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ ఒత్తిడి ఒక మెగాపాస్కల్) దాటి తట్టుకునే రాయినే, అందుకు తగినట్టుగానే 2000, 3000 కిలోన్యూటన్ల యంత్రాలు పెట్టుకుంటారు. మీ కోరు వ్యాసం 54 మిల్లీమీటర్లు అనుకుంటే దాని అడ్డుకోత వైశాల్యం దాదాపు 2290 చదరపు మిల్లీమీటర్లు. అది 15 మెగాపాస్కళ్ల దగ్గర పగిలితే యంత్రం మోపిన భారం 34 కిలోన్యూటన్లే, అంటే 3000 కిలోన్యూటన్ల సామర్థ్యంలో నూటికి ఒక వంతు చిల్లర. లారీలు తూచే వేబ్రిడ్జి మీద కొత్తిమీర కట్ట తూచినట్టే ఉంటుంది అది. ముందుగా ఆ యంత్రం క్యాలిబ్రేషన్ పత్రం అడిగి, ఎంత భారం నుంచి పైకి దాని కొలతకు హామీ ఉందో చూడండి. వీలైతే 100 కిలోన్యూటన్ల లోడ్ సెల్ ఉన్న చిన్న ఫ్రేము మీద పరీక్షించండి. మట్టి పరీక్షలు చేసే విభాగంలో అటువంటిది తరచుగా ఖాళీగానే ఉంటుంది.

భారం పెంచే వేగం కూడా చూసుకోవాలి. అంతర్జాతీయ శిలా యాంత్రిక సంఘం, అదే ఐఎస్‌ఆర్‌ఎం, ఈ పరీక్షకు రెండు ప్రత్యామ్నాయాలు ఇచ్చింది: నమూనా 5 నుంచి 10 నిమిషాల్లో పగిలేటట్టు భారం పెంచడం, లేదా సెకనుకు 0.5 నుంచి 1 మెగాపాస్కల్ చొప్పున పెంచడం. బొగ్గు విషయంలో ఈ రెండూ కలవవు. సెకనుకు అర మెగాపాస్కల్ చొప్పున పెంచితే 15 మెగాపాస్కళ్ల బొగ్గు అర నిమిషంలో పగిలిపోతుంది. మీరు కొన్ని నమూనాలను ఒక పద్ధతిలోనూ, కొన్నింటిని మరో పద్ధతిలోనూ పగలగొట్టి ఉంటే ఆ తేడా కూడా మీ చుక్కల్లో దాగి ఉంటుంది. నేనైతే మొదటి పద్ధతికే కట్టుబడి, ప్రతి నమూనా ఎంతసేపటికి పగిలిందో పక్కనే రాసుకుంటాను.

ఈ రెండూ సరిచూసుకున్నాక కూడా చుక్కలు చెదిరే ఉంటాయి. ఉండాలి కూడా. చిన్న ముక్కలో ఒక క్లీటు తక్కువైతే బలం పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. ముక్క పెద్దదయ్యే కొద్దీ అన్ని రకాల పగుళ్లూ దానిలో ఇమిడి, సగటు బలం తగ్గుతూ పోతుంది. దక్షిణాఫ్రికాలోని విట్‌బ్యాంక్ బొగ్గు క్షేత్రంలో బియెనియావ్‌స్కీ గని లోపలే పెద్ద పెద్ద బొగ్గు ఘనాలను చెక్కి, అక్కడికక్కడే జాకీలతో నొక్కి చూసినప్పుడు, భుజం దాదాపు 1.5 మీటర్లు చేరేదాకా బలం తగ్గుతూ వచ్చి ఆ తర్వాత నిలకడగా ఉంది. ఆ పరిశోధనలన్నిటికీ వెనుక ఒక విషాదం ఉంది. 1960 జనవరి 21న అదే దేశంలోని కోల్‌బ్రూక్ గనిలో వందల పిల్లర్లు ఒకదాని వెంట ఒకటి కూలి, 400 మందికి పైగా కార్మికులు లోపలే ఉండిపోయారు. తర్వాత 1967లో సాలమన్, మన్రో అనే ఇద్దరు పిల్లరు బలానికి సూత్రం కట్టినప్పుడు ప్రయోగశాల ముక్కలను ఆధారం చేసుకోలేదు. నిలిచిన పిల్లర్లవి 98, కూలినవి 27 ఉదాహరణలు తీసుకొని వాటి నుంచి వెనక్కి లెక్కగట్టారు. కూలిన ఆ 27 ఉదాహరణలను పాడైనవని పక్కన పెట్టి ఉంటే వారికి సూత్రమే దొరికేది కాదు. గైడు గారితో మాట్లాడేటప్పుడు ఈ ఉదాహరణ మీకు పనికి వస్తుంది.

అలాగని మన దేశంలో చిన్న ముక్కల అంకెకు విలువ లేదని అనుకోకండి. ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల పరిశోధనా సంస్థలో షియోరే రూపొందించిన సూత్రం 25 మిల్లీమీటర్ల బొగ్గు ఘనం బలాన్నే తీసుకుంటుంది. దానిలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం ఘనం బలాన్ని 0.27తో గుణించి, పిల్లరు ఎత్తును బట్టి తగ్గిస్తుంది. రెండో భాగానికి ఘనం బలంతో పనే లేదు, అది పిల్లరు వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి మీద, లోతు మీద ఆధారపడుతుంది. మీ అంకె ఎక్కడ ప్రాణం పోసుకుంటుందో తెలియాలంటే ఒక్కసారి లెక్క వేసి చూడండి. 250 మీటర్ల లోతులో, 3 మీటర్ల ఎత్తున, 30 మీటర్ల వెడల్పు గల పిల్లరు తీసుకుందాం. ఘనం బలం 30 మెగాపాస్కళ్లు అనుకుంటే పిల్లరు బలం సుమారు 23.5 వస్తుంది, ఘనం బలాన్ని 20కి దించినా 21.6 వస్తుంది. మీ అంకె మూడో వంతు పడిపోయినా పిల్లరు పదో వంతైనా తగ్గలేదు. అదే, పిల్లర్లు తీసేటప్పుడు గోఫ్ (బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీ) అంచున వదిలే 6 మీటర్ల వెడల్పు రిబ్బుకు, అంటే సన్నటి బొగ్గు గోడకు, లెక్క వేస్తే 7.5 నుంచి 5.6కు, అంటే దాదాపు నాలుగో వంతు పడిపోతుంది. సరిగ్గా ఆ రిబ్బు పక్కనే మనుషులు నిలబడి పని చేస్తారు. గైడు గారు తీసివేయమంటున్న అంకెలకు ఎక్కువ పని ఉన్నది కూడా అక్కడే. ఈ లెక్కను మీ గని లోతుతో, మీ అంకెలతో వేసి థీసిస్‌లో చేర్చితే, చెదిరిన చుక్కలు లోపంగా కాక మీ అధ్యయనపు ఫలితంగా కనిపిస్తాయి.

బూడిదతో, వోలటైల్ పదార్థంతో బలానికి సంబంధం వెతకడం గురించి నాకు కొంత అనుమానం ఉంది, దాచుకోను. బూడిద శాతం బొగ్గులో ఎంత ఖనిజం ఉందో చెబుతుంది కాని, అది ఎక్కడ ఉందో చెప్పదు. సన్నటి రేణువులుగా బొగ్గంతా పరచుకున్న ఖనిజం, ఒకే షేలు పొరగా అడ్డంగా పడుకున్న ఖనిజం, క్లీట్ల మధ్య అతుకులా చేరిన కాల్సైటు, ఈ మూడూ ఒకే బూడిద శాతం చూపించి మూడు వేర్వేరు బలాలు ఇస్తాయి. మీ వైపు దొరికే గోండ్వానా బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి ఈ చిక్కు మీకు తప్పదు. మరొక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. స్థిర కర్బనాన్ని మనం కొలవం. తేమ, బూడిద, వోలటైల్ పదార్థం మూడింటినీ 100 నుంచి తీసివేయగా మిగిలినదే అది. నాలుగింటినీ కలిపి రిగ్రెషన్‌లో (గుణాలకూ బలానికీ సంబంధం కట్టే లెక్కలో) పెడితే అవి ఒకదానికొకటి స్వతంత్రం కావు కాబట్టి, వచ్చిన గుణకాలకు అర్థం ఉండదు. రసాయన విశ్లేషణ ఏ ముక్క మీద చేశారన్నది కూడా ముఖ్యం. పొర మొత్తానికి సగటుగా ఇచ్చిన బూడిద శాతాన్ని ఒక్కొక్క కోరు పక్కన రాసుకుంటే చుక్కలు చెదరక ఏమవుతాయి? పగిలిన నమూనానే ఏరి, నూరి, 212 మైక్రాన్ల జల్లెడ పట్టి, దాని మీదే విశ్లేషణ చేయించండి. నూరకముందు పగుళ్ల ఫోటో తీసి, మెరిసే పట్టీలు ఎన్ని, మెరుపు లేనివి ఎన్ని, క్లీటు భారానికి ఏ దిశలో ఉంది అన్నది రాసుకోండి. బూడిద శాతం కంటే ఈ నాలుగు మాటలే మీ చుక్కలను ఎక్కువగా వివరిస్తాయని నా అంచనా.

నాన్నగారు నవ్వితే నవ్వనివ్వండి, కాని ఆయన మాటను తేలికగా తీసుకోకండి. కర్రతో కప్పును కొట్టినప్పుడు గంటలా మోగితే పొరలు అతుక్కుని ఉన్నాయని, బోలుగా వినిపిస్తే లోపల పొర విడిపోయిందని గని మనిషి గ్రహిస్తాడు. మీ యంత్రం ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ముక్కలో విడిపోవడానికి మరో పొరే ఉండదు కదా. మన బొగ్గు గనుల కప్పు కోసం ధన్‌బాద్‌లో తయారైన వర్గీకరణ కూడా ఆయన పక్షమే వహిస్తుంది. అందులో 100 మార్కులకు పొర మందానికి 30, పగుళ్లు, మడతలు వంటి నిర్మాణ లక్షణాలకు 25, తడిసి నాని రాలిపోయే గుణానికి 20, నీటి ఊటకు 10 పోగా, రాతి బలానికి దక్కేది 15 మార్కులే. బలం ఎక్కువైతే భయం తక్కువ అనుకోవడం కూడా గనిలో అన్ని వేళలా చెల్లదు. పిల్లర్లు తీశాక కూలవలసిన గట్టి ఇసుకరాయి కప్పు కూలకుండా చాలా దూరం వేలాడి, ఒక్కసారిగా పడితే వచ్చే గాలి దెబ్బ ఎలాంటిదో ఓవర్‌మన్‌గా చేసిన ఆయనకు చెప్పనక్కర లేదు. బెంగళూరుకు దగ్గరలోని కోలారు బంగారు గనులలోనూ, 3 కిలోమీటర్లు దాటిన లోతులో, గట్టిగా ఉండి పెళుసుగా విరిగే రాయే రాక్ బరస్టులకు, అంటే రాయి ఒక్కసారిగా పేలినట్టు పగలడానికి, కారణమైంది. జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంస్థ 1988లో అక్కడే పుట్టడానికి నేపథ్యం ఆ గనుల అనుభవమే. 2001లో గనులు మూతపడ్డాయి, సంస్థ ఇప్పుడు మీ నగరంలోనే ఉంది. మీ విభాగం ద్వారా ఉత్తరం రాసి, అక్కడి వారి సలహా అడగడానికి సంకోచించకండి.

నాన్నగారి నుంచి మీరు రాబట్టవలసినది మరొకటి ఉంది. ఆ దిమ్మలు ఏ పొరలోవి, పొరలో పై భాగానివా కింది భాగానివా, పేల్చిన బొగ్గు నుంచి ఏరినవా లేక చెక్కి తీసినవా అన్నది ఆయన ద్వారా, ఇంకా పనిలో ఉన్న ఆయన స్నేహితుల ద్వారా కనుక్కోండి. పేలుడు దెబ్బ తిన్న దిమ్మలో కంటికి కనిపించని పగుళ్లుంటాయి. ఒకే దిమ్మలో మూడింతల తేడాకు జవాబు ఒక్క ఫోన్ కాల్ దూరంలో ఉండవచ్చు. ఈసారి దిమ్మలు వస్తే పై ముఖం మీద పెయింటుతో బాణం గీసి పంపమనండి.

గైడు గారితో తగవు పెట్టుకోమని నేను చెప్పడం లేదు. "మీరన్నది తప్పు" అనే బదులు రెండు గ్రాఫులు గీసి ముందు పెట్టండి: ఒకటి అన్ని చుక్కలతో, మరొకటి పరీక్షకు ముందే నమోదైన లోపాలున్న నమూనాలను మాత్రమే విడదీసి, వాటిని వేరే గుర్తుతో చూపిస్తూ. పక్కనే పైన చెప్పిన రిబ్బు లెక్క ఉంచండి. బలానికి ఒకే సగటు అంకె ఇవ్వకుండా, సగటు, వ్యాప్తి, నమూనాల సంఖ్య మూడూ ఇస్తామని ప్రతిపాదించండి. అనుభవం ఉన్న గైడు ఎవరైనా థీసిస్ పరీక్షకుడు అడగబోయే ప్రశ్నను ముందుగానే ఊహిస్తారు, "తీసివేసినవి ఎన్ని, ఎందుకు?" అన్నది ఆ ప్రశ్నల్లో మొదటిది. ఆ తర్వాత కూడా ఆయన పట్టుబడితే, తీసివేసిన అంకెలన్నీ కారణాలతో సహా అనుబంధంలో ఉండాలన్న ఒక్క షరతును మాత్రం వదులుకోకండి.

బొగ్గుకు భవిష్యత్తు ఉందా అన్న ప్రశ్న మీద ఎక్కువ సేపు నిలవను. 2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది. మీరు డాక్టరేటు తీసుకుని ఉద్యోగంలో కుదురుకునే నాటికి అది మాయమైపోదు. మూసివేసిన గనుల్లో మిగిలే పిల్లర్లు ఎన్నేళ్లు నిలుస్తాయి, వాటి మీద ఉన్న ఊళ్ల సంగతేమిటి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవారు గనులు ఆగిపోయాక కూడా కావాలి. అదీ కాకపోతే, పగుళ్లున్న బలహీనమైన రాయిని కొలవడం నేర్చుకున్న వారికి సొరంగాలలోనూ, ఓపెన్‌కాస్టు వాలుల్లోనూ, విశాఖపట్నంలో ముడి చమురు నిల్వ చేసే భూగర్భ గుహల వంటి పనుల్లోనూ చోటుంటుంది.

ఇక ఆలస్యం చేయకూడని పని ఒకటే. ఏసీ గదిలో విప్పి పెట్టిన బొగ్గు రోజురోజుకూ తేమ కోల్పోయి పొరల వెంట విచ్చుకుంటుంది, అందుకే మొదటి నెలలో పగలగొట్టిన కోరునూ, నాలుగు నెలల తర్వాత పగలగొట్టిన దానినీ ఒకే గ్రాఫులో పెట్టడానికి వీలుండదు. మిగిలిన దిమ్మలను పలచని ప్లాస్టిక్ పొరలో చుట్టి, దాని మీద కరిగించిన పారఫిన్ మైనం పూయించండి. పరీక్ష జరిగిన ప్రతి రోజూ, పగిలిన ముక్క నుంచి వెంటనే కొంత తీసి మూత బిగించిన సీసాలో వేసి, తేమ కొలిపించండి. ఇప్పటిదాకా చేసిన పరీక్షల తేదీలను పట్టికలో ఒక నిలువు వరుసగా చేర్చి, బలాన్ని తేదీ వారీగా ఒకసారి గీసి చూడండి. ఆ గ్రాఫు ఎలా వచ్చిందో తెలియజేస్తే మిగతాది మళ్లీ రాస్తాను.